సంతకం ఎవరిది? ప్రవేశం ఎవరికి?

డిగ్రీ చివరి పరీక్షలు దగ్గరపడే వేళకు మన ఇళ్ళలో ఒక చర్చ మొదలవుతుంది. పీజీ ఎక్కడ చేయాలి? మేనమామ ఒక యూనివర్సిటీ పేరు చెబుతాడు. అంతకుముందే వెళ్ళిన సీనియర్ ఫోన్లో ఇంకోటి చెబుతాడు. కన్సల్టెన్సీవాళ్ళు ఐదారు పేర్లు కాగితం మీద రాసిస్తారు. ర్యాంకు, ఫీజు, చలి, అక్కడ మనవాళ్ళు ఎందరున్నారు, అన్నీ లెక్కలోకి వస్తాయి. మొదట అడగాల్సిన ప్రశ్న మాత్రం తరచూ మిగిలిపోతుంది. ఈ పట్టా చేతికొచ్చాక, నేను చేయాలనుకున్న పనిని నన్ను చేయనిచ్చేది ఎవరు?

యూనివర్సిటీయే కదా అనుకుంటాం. ఎన్నో వృత్తుల్లో ఆ అధికారం యూనివర్సిటీ చేతిలో ఉండదు. అకౌంటింగ్, ఏరోస్పేస్ ఇంజినీరింగ్ పీజీల్లో ఈ సంగతి కొట్టొచ్చినట్టు కనబడుతుంది గనుకే ఈ అధ్యాయానికి ఆ రెంటినీ తీసుకున్నాను. మొదటిదానిలో సంతకం చేసే హక్కును ఇచ్చేది వేరే సంస్థ. రెండోదానిలో పని జరిగే ఆవరణలోకి రానిచ్చేది వేరే చట్టం. ముందే తెలిసినవాళ్ళు అదే కోర్సును తమకు కావలసినట్టు వాడుకుంటారు. తెలియనివాళ్ళు అప్పు చేసిన లక్షలు ఖర్చయ్యాక తెలుసుకుంటారు.

ఎంకాంతో మొదలుపెడదాం. తెలంగాణలో సీపీగెట్ రాసి, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్ రాసి ఏటా ఎంతోమంది ఎంకాంలో చేరుతున్నారు. వారిలో ఆడిటర్ కావాలని చేరినవాళ్ళూ ఉంటారు. కంపెనీల చట్టం 2013 ప్రకారం ఒక కంపెనీకి ఆడిటర్‌గా ఉండాలంటే చార్టర్డ్ అకౌంటెంట్ అయి ఉండాలి. ఆ అర్హతను ఇచ్చేది 1949 నాటి ప్రత్యేక చట్టం కింద ఏర్పడిన ఐసీఏఐ. ఎంకాంలో బంగారు పతకం తెచ్చుకున్నా ఆడిట్ నివేదిక కింద సంతకం పెట్టే వీలు లేదు.

ఇంత కట్టుదిట్టం ఎందుకని అడిగితే హైదరాబాద్‌వాళ్ళకు దూరం వెళ్ళి ఉదాహరణ వెతకాల్సిన పని లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు రాసిన లేఖ బయటికి వచ్చింది. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని అందులో ఉంది. ఆ లెక్కల కింద ఆడిటర్ల సంతకాలు ఉన్నాయి. ఆ సంతకాన్ని నమ్మి డబ్బు పెట్టిన మామూలు మనుషులు ఉన్నారు. 2018లో జాతీయ ఆర్థిక నివేదన ప్రాధికార సంస్థ, అంటే ఎన్‌ఎఫ్‌ఆర్ఏ, ఏర్పడింది. పెద్ద కంపెనీల ఆడిటర్లపై విచారణ జరిపే అధికారం దానికి ఉంది. మీరు ఆశిస్తున్న సంతకానికి అంత బరువుంది. ఆ బరువు మోయగలరో లేదో తేల్చే పనిని రెండేళ్ళ కోర్సుకు అప్పగించకపోవడం సబబే.

అంటే ఎంకాం వృథానా? ఎంతమాత్రం కాదు. దాని బలం ఎక్కడుందో తెలిసి చేరితే అది గట్టి చదువు. జూనియర్ కాలేజీలో కామర్స్ లెక్చరర్ కావాలన్నా, 55 శాతం మార్కులతో పాటు నెట్‌గానీ సెట్‌గానీ దాటి డిగ్రీ కాలేజీలో చేరాలన్నా, తర్వాత పీహెచ్‌డీ చేయాలన్నా దారి అదే. బోధన మీద నిజమైన ఇష్టం ఉన్నవారికి నేను మొదట చెప్పేది ఎంకామే. ఆ దారిని తక్కువ చేసి మాట్లాడే బంధువుల మాట పట్టించుకోవద్దు. మంచి కామర్స్ లెక్చరర్ ఒక్కరుంటే ఒక చిన్న పట్టణం నుంచి ఎంతమంది సీఏలు వస్తారో ఆ ఊరివాళ్ళకు తెలుసు.

సీఏ కావాలనుకుంటే ఎంకాం కోసం ఆగనక్కరలేదు. బీకాంలో 55 శాతం ఉంటే ఫౌండేషన్ పరీక్ష లేకుండా నేరుగా ఇంటర్‌మీడియట్‌లోకి వెళ్ళవచ్చు. కామర్స్ కాని డిగ్రీ అయితే 60 శాతం ఉండాలి. 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో, సీఏ దగ్గర చేసే శిక్షణ అయిన ఆర్టికల్‌షిప్ మూడేళ్ళ నుంచి రెండేళ్ళకు తగ్గింది. ఆ రెండేళ్ళలో పక్కన ఎంకాం కూడా లాగేద్దామనుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆర్టికల్‌షిప్‌లో ఉండగా వేరే కోర్సు చదవాలంటే ఐసీఏఐ అనుమతి ముందుగా తీసుకోవాలి. ఇక సీఏ పూర్తయిన తర్వాత బోధన మీదికి మనసు మళ్ళినా తలుపు మూసుకుపోదు. సీఏ అర్హతను పీజీతో సమానంగా చూస్తామని 2021లో యూజీసీ ప్రకటించింది కాబట్టి వారు నెట్ రాయవచ్చు.

ఎంకాంకు ఇంకో ఉపయోగం ఉంది. అది మన రాష్ట్రాల్లో పుట్టింది కాదు, అమెరికా నిబంధన నుంచి వచ్చింది. హైదరాబాద్‌లోని పెద్ద ఆడిట్ సంస్థల కార్యాలయాల్లో అమెరికా కంపెనీల ఆడిట్, పన్ను పనులు జరుగుతాయి. అక్కడ పైకి రావాలనుకునేవారు అమెరికాలో అకౌంటెంట్ లైసెన్సుకు పెట్టే సీపీఏ పరీక్ష రాస్తున్నారు. 2020 నుంచి ఆ పరీక్షను హైదరాబాద్‌లోనే రాసే సౌకర్యం ఉంది. 2024 నుంచి పద్ధతి మారింది: ఆడిట్, ఫైనాన్షియల్ రిపోర్టింగ్, పన్నులు అనే మూడు ప్రధాన పేపర్లు అందరికీ ఒకటే, నాలుగోది మనం ఎంచుకోవాలి. లైసెన్సుకు మాత్రం చాలా రాష్ట్రాలు 150 క్రెడిట్లు అడుగుతూ వచ్చాయి. అమెరికా బ్యాచిలర్ డిగ్రీ 120 దగ్గర ఆగుతుంది. ఆ మిగతా 30 పూడ్చడానికే అక్కడ చాలామంది విద్యార్థులు ఏడాది అకౌంటింగ్ మాస్టర్స్‌లో చేరతారు. మన మూడేళ్ళ బీకాంను సాధారణంగా 90 క్రెడిట్లుగా లెక్కిస్తారు, దానికి రెండేళ్ళ ఎంకాం కలిస్తే 150 దగ్గరికి వస్తుంది. అంటే ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో చేసిన ఎంకాం కూడా ఇక్కడ పనికిరావచ్చు. మీరు ఎంచుకున్న రాష్ట్రం బోర్డు దాన్ని ఒప్పుకుంటుందో లేదో మాత్రం ఫీజు కట్టకముందే విచారించుకోవాలి.

ఈ 150 క్రెడిట్ల నిబంధనలో ఒక మార్పు జరుగుతోంది. 2025 జనవరిలో ఒహాయో చట్టం మార్చుకుంది. బ్యాచిలర్ డిగ్రీ, రెండేళ్ళ అనుభవం, పరీక్షలో ఉత్తీర్ణత ఉంటే లైసెన్సు ఇచ్చే దారిని కొత్తగా తెరిచింది. తర్వాత మరికొన్ని రాష్ట్రాలు అదే బాట పట్టాయి. ఆ 30 క్రెడిట్ల కోసమే అమెరికా వెళ్ళి అకౌంటింగ్‌లో ఎంఎస్ చేద్దామనుకునేవారు అసలా అవసరం తమకు ఉందో లేదో మళ్ళీ చూసుకోవాలి. వీసా లెక్క కూడా ఉంది. ఇప్పుడున్న నియమాల్లో చదువయ్యాక పని చేసుకోవడానికి అందరికీ దొరికేది 12 నెలల ఓపీటీ. సైన్స్, ఇంజినీరింగ్ కోర్సులుగా నమోదైనవాటికి మరో 24 నెలలు కలుస్తాయి. మామూలు అకౌంటింగ్ కోర్సు ఆ జాబితాలో ఉండదు. డేటా అనలిటిక్స్ కలిపి నడిపే కొన్ని కోర్సులను యూనివర్సిటీలు ఆ జాబితా కింద నమోదు చేస్తాయి. బ్రోచరులోని బొమ్మలు పక్కన పెట్టి, ఆ కోర్సు నమోదు సంకేతం ఏమిటో అడగండి.

బ్రిటన్‌లో ఏడాదిలో అయిపోయే అకౌంటింగ్ అండ్ ఫైనాన్స్ ఎంఎస్సీ మనవాళ్ళకు బాగా తెలిసిన కోర్సు. అక్కడా సంతకం వృత్తి సంస్థలదే. చార్టర్డ్ అకౌంటెంట్ కావడానికి చేసుకునే శిక్షణ ఒప్పందం సాధారణంగా మూడేళ్ళు సాగుతుంది. చదువు తర్వాత గ్రాడ్యుయేట్ వీసా ఇచ్చేది రెండేళ్ళు. 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవారికి అది 18 నెలలకు తగ్గుతుంది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. వీసాకు హామీ ఇచ్చే యాజమాన్యం దొరికితేనే శిక్షణ పూర్తవుతుంది. బ్రిటన్ వృత్తి సంస్థల్లో ఒకటైన ఏసీసీఏ పరీక్షలైతే ఎక్కడున్నా రాయవచ్చు. 13 పేపర్లలో పాత చదువును బట్టి 9 దాకా మినహాయింపు దొరుకుతుంది. ఏసీసీఏ రాసే మన సీఏలు ఆ మినహాయింపుతోనే రాస్తారు. బీకాంతోనే కొన్ని పేపర్లు పోతుంటే, ఎంఎస్సీ వల్ల అదనంగా పోయేవి ఎన్నో లెక్క వేసుకున్నాకే విమానం ఎక్కాలి.

ఇక ఏరోస్పేస్. ఈ చదువు మీద మన పిల్లలకున్న ప్రేమ వేరు. అబ్దుల్ కలాం చెన్నైలోని ఎంఐటీలో ఏరోనాటికల్ చదివారని ఎనిమిదో తరగతి పిల్లాడు కూడా చెబుతాడు. ఆ ప్రేమ నిజమైనది, దాన్ని నీరుగార్చే ఉద్దేశం నాకు లేదు. ప్రేమతో పాటు దారి కూడా తెలియాలి.

మొదట ఇస్రో గురించి. అక్కడ చేరడానికి ఏరోస్పేస్‌లో ఎంటెక్ ఉండాలనే నమ్మకం బలంగా ఉంది. ఇస్రో సైంటిస్ట్, ఇంజినీర్ పోస్టుల ప్రకటనలు తీసి చూడండి. ఎక్కువ పోస్టులు మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ చేసినవారికే ఉంటాయి. వయోపరిమితి కూడా ఉంటుంది గనుక, అర్హత కోసమని రెండేళ్ళు ఎంటెక్‌కు ఇచ్చేవారు ఆ లెక్క చూసుకోవాలి. మన హైదరాబాద్ సంస్థ స్కైరూట్ 2022 నవంబర్ 18న విక్రమ్-ఎస్‌ను ఎగరేసింది. ఒక ప్రైవేటు భారతీయ సంస్థ తయారుచేసిన రాకెట్ ఎగరడం అదే మొదటిసారి. ఆ సంస్థను స్థాపించిన పవన్ కుమార్ చందన ఐఐటీ ఖరగ్‌పూర్‌లో చదివింది మెకానికల్. ఆయన సహస్థాపకుడు నాగభరత్ డాకా ఐఐటీ మద్రాసులో చదివింది ఎలక్ట్రికల్. ఇద్దరూ ఇస్రోలో పని చేసి వచ్చారు. రాకెట్‌లో వేడిని, లోహాన్ని, తీగల్ని, సాఫ్ట్‌వేర్‌ను చూసుకునేవాళ్ళంతా కావాలి. ఏరోస్పేస్ అన్న పేరు పట్టా మీద లేనంత మాత్రాన ఆ పని మీది కాకుండా పోదు.

రెండోది, ఏఎంఈ అనే అయోమయం. విమానం మరమ్మతు చేసి, ఇది ఎగరడానికి సిద్ధం అని సంతకం పెట్టేది పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లైసెన్సు పొందిన ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీర్. ఆ లైసెన్సుకు పరీక్షలు, అనుభవం వేరు. ఏరోస్పేస్ ఎంటెక్ చేసినవారికి ఆ సంతకం రాదు. ఎంకాంకూ ఆడిట్‌కూ ఉన్న సంబంధమే ఇక్కడా ఉంది. శంషాబాద్ విమానాశ్రయంలో విమానాల దగ్గర పని చేయాలన్నది కలైతే ఎంటెక్ దారి దానికి చుట్టుదారి. విమానం ఎందుకలా ఎగురుతుందో, ఇంకా మేలుగా ఎలా ఎగరాలో తేల్చే పని కావాలనుకుంటేనే ఎంటెక్.

అలాంటి పని కావాలనుకునేవారికి మన దేశంలో ప్రధాన ప్రవేశ పరీక్ష గేట్, అందులో ఏరోస్పేస్ పేపర్. వంద మార్కులు, మూడు గంటలు, స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. ఫ్లైట్ మెకానిక్స్, ఏరోడైనమిక్స్, నిర్మాణాలు, ప్రొపల్షన్, కొంత అంతరిక్ష గతిశాస్త్రం ఉంటాయి. 2021 నుంచి రెండు పేపర్లు రాసే వీలుంది కాబట్టి మెకానికల్ వాళ్ళు తమ పేపర్‌తో పాటు దీన్నీ రాసే అవకాశం ఉందేమో ఆ ఏటి ప్రకటనలో చూడాలి. సీటు వస్తే నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం వస్తుంది. దాంతో మీ రోజువారీ ఖర్చులు ఇంటి మీద పడకుండా చదువుకోవచ్చు.

ఇంతవరకు అధికారాల గురించే మాట్లాడాను. అయితే యూనివర్సిటీ మాత్రమే ఇవ్వగలిగింది ఒకటుంది, దాన్ని చాలామంది వాడుకోకుండానే బయటికి వస్తారు. అది థీసిస్. ఎంటెక్ రెండో ఏడాదంతా ఒకే ఒక్క సమస్యతో ఉండే అవకాశం జీవితంలో మళ్ళీ దొరకడం కష్టం. బెంగళూరు ఐఐఎస్‌సీలో ఏరోనాటికల్ విభాగం 1942లో మొదలైంది. అప్పటికి రెండేళ్ళ కిందట అదే ఊళ్ళో హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ వెలిసింది, బయట రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ఆ విభాగంలోకి తర్వాత వచ్చిన సతీశ్ ధావన్ లాహోర్‌లో గణితం, భౌతికశాస్త్రాలతో బీఏ, ఇంగ్లీషు సాహిత్యంలో ఎంఏ, మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, మిన్నెసోటాలో ఏరోనాటిక్స్ ఎంఎస్, కాల్‌టెక్‌లో పీహెచ్‌డీ చేసిన మనిషి. ఐఐఎస్‌సీకి వచ్చి దేశంలో మొట్టమొదటి సూపర్‌సానిక్ విండ్ టన్నెల్ కట్టించారు. శ్రీహరికోట కేంద్రానికి ఇప్పుడున్నది ఆయన పేరే. విద్యార్థి చేతికి కొలిచే పరికరం ఇచ్చే విభాగం ఎప్పుడూ గొప్పదే. కాబట్టి సీటు ఎంచుకునేటప్పుడు ర్యాంకు కన్నా ముందు చూడాల్సింది ఇది: మీకు ఇష్టమైన అంశంలో పని చేస్తున్న ప్రొఫెసర్ ఎవరు, ఆయన దగ్గర విండ్ టన్నెల్ ఉందా, కంబశ్చన్ రిగ్ ఉందా, గత నాలుగైదేళ్ళ విద్యార్థుల థీసిస్‌లు ఏమిటి, వాళ్ళిప్పుడు ఎక్కడున్నారు. ఎంకాంలో డిసర్టేషన్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. పాత ప్రాజెక్టును కాపీ చేసి బైండింగ్ చేయించుకునే అలవాటు చూస్తే బాధేస్తుంది. ఒక కంపెనీ పదేళ్ళ వార్షిక నివేదికలు నోట్సుతో సహా చదివి ఏం గమనించారో రాసిన విద్యార్థికి ఇంటర్వ్యూలో మాటలు వెతుక్కోవాల్సిన పని ఉండదు.

ఇప్పుడు విదేశాల సంగతి. అకౌంటింగ్‌కు అమెరికాలో తలుపు తెరిచే ఉంది, గడువు తక్కువ. ఏరోస్పేస్‌కు సరిగ్గా తిరగేసిన పరిస్థితి. చదువయ్యాక మొత్తం 36 నెలలు పని చేసే గడువు దొరుకుతుంది, తలుపులు మాత్రం చాలావరకు మూసి ఉంటాయి. ఐటార్ అనే ఆయుధాల ఎగుమతి నిబంధనల ప్రకారం రాకెట్లు, సైనిక విమానాలు, వాటి ఇంజిన్ల సాంకేతిక సమాచారాన్ని విదేశీయులకు చూపడమే ఎగుమతి కింద లెక్క. అందుకే అక్కడి అంతరిక్ష, రక్షణ కంపెనీల ఉద్యోగ ప్రకటనల్లో పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారు, ఆశ్రయం పొందినవారు మాత్రమే అర్హులని రాసి ఉంటుంది. మన దేశంవాళ్ళు గ్రీన్‌కార్డుకు ఎంతకాలం ఎదురుచూస్తారో వేరే చెప్పక్కరలేదు. కల్పనా చావ్లా 1984లో టెక్సస్‌లో ఎంఎస్, 1988లో కొలరాడోలో పీహెచ్‌డీ పూర్తి చేశారు. నాసా వ్యోమగామిగా ఆమె ఎంపిక కావడం 1991లో అమెరికా పౌరసత్వం వచ్చాకే.

ఈ నిబంధన తెలిసి కూడా అమెరికా వెళ్ళేవారు ఉంటారు, వెళ్ళవచ్చు కూడా. అప్పుడు లోపల ఎంచుకునే అంశం మారాలి. గాలి ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కించే సీఎఫ్‌డీ, కాంపోజిట్ పదార్థాలు, కంట్రోల్ సిస్టమ్స్ లాంటివి కార్ల కంపెనీలకూ గాలిమరల కంపెనీలకూ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ సంస్థలకూ కావాలి. రాకెట్ ప్రొపల్షన్ ఒక్కదాన్నే పట్టుకుంటే చదువు అద్భుతంగా సాగుతుంది, ఉద్యోగం దగ్గర మాత్రం దారులు ఇరుకవుతాయి. యూనివర్సిటీ లోపల కూడా రక్షణశాఖ డబ్బుతో నడిచే కొన్ని ప్రాజెక్టులు విదేశీ విద్యార్థులకు అందవు. బహిరంగంగా ప్రచురించే మౌలిక పరిశోధనకు ఆ అడ్డు లేదు. ఏ ప్రాజెక్టు ఏ కోవలోదో ప్రొఫెసర్‌ను అడిగితే చెబుతారు, అడగడంలో మొహమాటం ఏమీ లేదు.

బ్రిటన్‌లో ఏరోస్పేస్ పీజీకి వెళ్ళే భారతీయులు వీసాకు ముందే ఏటాస్ అనే భద్రతా అనుమతి పత్రం తెచ్చుకోవాలి. రుసుము లేదు గానీ వారాలు పడుతుంది, వేసవిలో ఇంకా ఆలస్యం కావచ్చు. కోర్సుల వివరాలు, ప్రతిపాదించిన పరిశోధన అన్నీ రాయాలి కాబట్టి ఆఫర్ రాగానే మొదలుపెట్టాలి. పీజీ విద్యార్థులనే చేర్చుకునే క్రాన్‌ఫీల్డ్‌కు సొంత విమానాశ్రయమే ఉంది. 1946లో ఏరోనాటిక్స్ కాలేజీగా మొదలైన చోటది. ఫ్రాన్స్‌లో టూలూజ్ నగరంలోని ఐఎస్ఏఈ సుపేరో 1909 నాటిది, ఎయిర్‌బస్ ప్రధాన కేంద్రం అదే ఊళ్ళో ఉంది, ఇంగ్లీషులో నడిచే మాస్టర్స్ ఉన్నాయి. పౌర విమానాల మీద పని చేయాలనుకునే మన విద్యార్థులు అమెరికా కన్నా ముందు యూరప్‌ను చూడాలని నా అభిప్రాయం. స్థానిక భాష నేర్చుకునే ఓపిక ఉండాలి. జర్మనీలో చదువు ఉచితం అన్న మాటను యథాతథంగా నమ్మవద్దు. స్టుట్‌గార్ట్ ఉన్న రాష్ట్రం 2017 నుంచి యూరప్ బయటివారి దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి కొత్తవారికి ఫీజు పెట్టింది.

డబ్బు గురించి రెండే మాటలు. విద్యారుణం మీద వడ్డీకి పాత పన్ను విధానంలో ఎనిమిదేళ్ళ దాకా మినహాయింపు ఉంది. చదువుకునే కాలంలో కిస్తీ లేకపోయినా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. అప్పు తీర్చే లెక్కను విదేశీ జీతంతో వేసినప్పుడు, అదే కాగితం మీద పక్కన హైదరాబాద్ జీతంతో కూడా ఒకసారి వేయండి. రెండో లెక్కలో ఇల్లు మునిగిపోతుందనిపిస్తే ఆ అప్పు మోతాదు మించింది. నాన్నగారు పొలం కాగితాలు బ్యాంకులో పెట్టేముందు ఆ రెండు లెక్కలూ ఆయన ముందు పెట్టాల్సిన బాధ్యత మీదే.

రెండు చదువులూ ఒకే మనిషిలో కలిసే సందర్భాలూ ఉన్నాయి. తెలుగు కుటుంబంలో పుట్టి హ్యూస్టన్‌లో పెరిగిన శిరీష బండ్ల పర్‌డ్యూలో ఏరోస్పేస్ చదివి, తర్వాత ఎంబీఏ చేశారు. వర్జిన్ గెలాక్టిక్‌లో ప్రభుత్వ వ్యవహారాలు చూస్తూ 2021 జూలై 11న ఆ సంస్థ నౌకలోనే పైకి వెళ్ళివచ్చారు. విమాన భాగం ఎలా తయారవుతుందో, దాని ఖర్చు ఎలా కట్టాలో రెండూ తెలిసిన మనిషి ఆదిభట్లలో విమాన భాగాలు చేసే ఫ్యాక్టరీలకూ అవసరమే. ఇంజినీరింగ్ చేసి కాస్ట్ అకౌంటెన్సీ వైపు వెళ్ళాలనుకునేవారిని ఇంట్లోవాళ్ళు ఆపకుండా ఉంటే బాగుండు.

ఇప్పుడు ఒక పని చేయండి. మీ జాబితాలో ఉన్న ప్రతి కోర్సుకూ ముగ్గురికి ఈమెయిల్ రాయండి. విభాగం కార్యాలయానికి రాసేదానిలో, గత రెండేళ్ళలో పట్టా తీసుకున్న భారతీయ విద్యార్థుల్లో ఎందరు ఇదే రంగంలో చేరారని అడగండి. అకౌంటింగ్ అయితే ఏ వృత్తి సంస్థ ఎన్ని పేపర్లు మినహాయిస్తుందో, ఏరోస్పేస్ అయితే ఏ ప్రాజెక్టుల్లో విదేశీ విద్యార్థులు పని చేయవచ్చో అడగండి. రెండోది, మీకు నచ్చిన ప్రొఫెసర్‌కు. ఆయన పేపర్ ఒకటి చదివి, అందులో మీకు అర్థంకాని ఒక్క చోటు గురించి రాయండి. మూడోది, అక్కడ చదివి ఉద్యోగంలో ఉన్న పూర్వ విద్యార్థికి. మొదటి ఉద్యోగం ఎన్ని నెలలకు వచ్చింది, ఏ వీసా మీద, ఏ పని అని సూటిగా, మర్యాదగా అడగండి. మన తెలుగువాళ్ళు ఇలాంటి ప్రశ్నకు సాధారణంగా ఫోన్ చేసి మరీ జవాబు చెబుతారు. ఈ మూడింటిలో కనీసం రెండింటికి జవాబు వచ్చేదాకా దరఖాస్తు రుసుము కట్టవద్దు.